మా ఆవిడ పోయారు

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి పట్టీల బాబాయ్ సగం ఎత్తిన షట్టర్‌ని మళ్ళీ కిందికి దించేసి, దాని మీద ఒక కాగితం అంటించాడు. కాగితం మీద లావు మార్కరుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రెండే వాక్యాలు. "మా ఆవిడ పోయారు. ఈ రోజు షాపు తెరవబడదు."

నాలుగు మూలలా టేపు వేసి, రెండడుగులు వెనక్కి నడిచి, కాగితం వంకరగా ఉందేమోనని చూసుకున్నాడు. వంకరగా లేదు. ఇళ్ళ కిటికీలకీ ఆఫీసు కిటికీలకీ పట్టీల బ్లైండ్లు బిగించడం అతని వృత్తి. పాతికేళ్ళుగా జేబులోని బుడగ లెవెల్ పెట్టి చూడందే మేకు కొట్టి ఎరగడు. ఆ కాగితంలో తప్పేదైనా ఉందంటే అది వంకర మాత్రం కాదు. ఎదురుగా టీ కొట్టాయన కెటిల్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పట్టీల బాబాయ్ కళ్ళు తుడుచుకుంటూ అతనికి తల ఊపి, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

పోయినావిడ అతని భార్య కాదు. అతని భార్య ఆ సమయానికి ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ఒక లారీ డ్రైవరు మోచేతిని పలక మీద సరిగ్గా పెట్టిస్తూ నిక్షేపంగా ఉంది. పోయింది హాలీవుడ్‌లో ఒకప్పటి నటి. తొంభై నాలుగేళ్ళ వయసులో, తన ఇంట్లో, తన మంచం మీద, నిద్రలో పోయారు. ఆవిడని పట్టీల బాబాయ్ తెర మీద తప్ప చూడలేదు. ఆవిడకి అతనొకడున్నాడని తెలియనే తెలియదు. అయినా ఆ కాగితం రాసేటప్పుడు అతనికి నిజంగానే దుఃఖం పొంగుకొచ్చింది. "మా ఆవిడ" అని రాసేటప్పుడు ఆ మాటకి ఇంకో అర్థం ఉందన్న సంగతి మనసుకి తట్టనే లేదు.

ఇదెలా సాధ్యమని అడిగేవాళ్ళు నీడల సంఘంలో సభ్యులు కాదన్నమాట. ఆ సంఘంలో మొత్తం పదకొండు మంది. ప్రతి ఆదివారం పొద్దున పదిన్నరకి డ్రైవింగ్ స్కూలు మేడ మీది గదిలో చేరి, కిటికీలన్నీ మూసేసి, పాత హాలీవుడ్ నేరాల సినిమాలు చూస్తారు. అన్నీ నలుపు తెలుపువే. వాటిని వీళ్ళు నీడ సినిమాలంటారు. వాటిలో ఎప్పుడూ వాన కురుస్తూనే ఉంటుంది, ఒక్కడూ గొడుగు తెచ్చుకోడు. మగవాడు టోపీ తీయడు, ఆడమనిషి నిజం చెప్పదు, గంటన్నర తిరిగేసరికి ఇద్దరిలో ఒకరికి ఊపిరుండదు. పదకొండు మంది సభ్యులకీ తలా ఒక అభిమాన నటి. ఎవరి నటి వాళ్ళకి "మా ఆవిడ". ఎదుటివాళ్ళ నటి "మీ ఆవిడ".

"మీ ఆవిడ ఆ సీన్లో తుపాకీ ఎడం చేత్తో పట్టుకున్నారు, గమనించారా?" అంటాడు సంఘాధ్యక్షుడైన పళ్ళ డాక్టరు.

"కుడి చేతిలో సిగరెట్టుంది కదండీ మా ఆవిడకి," అంటాడు పట్టీల బాబాయ్.

ఇరవై ఏళ్ళుగా ఇదే భాష. మేడ మెట్ల మీద నిలబడి వినే డ్రైవింగ్ స్కూలు విద్యార్థులకి ఆ పదకొండు కాపురాల మీదా గట్టి అనుమానాలుండేవి. సభ్యులకి మాత్రం ఆ మాటలో వింత కనిపించడం ఎప్పుడో మానేసింది. ఆ పొద్దున సంఘం కార్యదర్శి, కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన పెద్దమనిషి, ఫోనులో పంపిన కబురు కూడా ఆ భాషలోనే ఉంది. "మీ ఆవిడ పోయారట. ఇప్పుడే చూశాను. గుండె దిటవు చేసుకోండి."

పట్టీల బాబాయ్‌కి ఆవిడతో పరిచయం పందొమ్మిదో ఏట. పనీ పాటా లేకుండా తిరిగే రోజుల్లో, వాన పడుతోందని ఒక సినిమా హాల్లోకి దూరాడు. తెర మీద ఒక ఆఫీసు గది. కిటికీకి పట్టీల బ్లైండు, బయట వీధి దీపం. తలుపు తీసుకుని ఆవిడ లోపలికి వచ్చారు. గదిలో ఉన్న మగవాడి వంక చూడలేదు. ముందు వచ్చిన తలుపు వంక చూశారు, తర్వాత కిటికీ వంక, ఆఖరున, ఇక తప్పదన్నట్టు, అతని వంక. నడుచుకుంటూ వెళ్ళి ఒంటి చేత్తో బ్లైండు తాడు లాగి, "ఇంత వెలుతురు మనకెందుకు?" అన్నారు. ఆవిడ ముఖం నిండా వెలుగు గీతలు పడ్డాయి. ఒక గీత సరిగ్గా కళ్ళ మీద. పట్టీల బాబాయ్ ఆ సినిమా వరసగా నాలుగు ఆటలు చూశాడు. సినిమాలు చూసి కుర్రాళ్ళు హీరో అయిపోదామనుకుంటారు. ఇతను మర్నాడు వెళ్ళి బ్లైండ్లు అమ్మే కొట్లో పనికి కుదిరాడు.

పని బాగా వంటబట్టాక అతనికి ఆ సీనులో ఒక తప్పు కనిపించింది. ఆ గది రెండో అంతస్తులో ఉంది, వీధి దీపం కింద ఉంది. అలాంటప్పుడు వెలుగు గీతలు పడాల్సింది పైకప్పు మీద. ఆవిడ ముఖం మీద పడే దారే లేదు. ఈ సంగతి కనిపెట్టిన రోజున అతను అన్నం తినలేదు. చాలా రోజులు మథనపడి ఒక అభిప్రాయానికి వచ్చాడు. దర్శకుడు కిటికీ చేత అబద్ధమాడించాడు. ఆవిడ ఆ అబద్ధాన్ని పసిగట్టి, అరడుగు పక్కకి జరిగి, ఆ దొంగ వెలుగుని కళ్ళ మీదకి తెచ్చుకున్నారు. మిగతావాళ్ళు మాటలతో నటిస్తే ఆవిడ అరడుగుతో నటించారు. దీని మీద సంఘంలో అతను ఇప్పటికి ఆరుసార్లు మాట్లాడాడు. ఆరుసార్లూ అందరూ శ్రద్ధగా విన్నారు, ఎందుకంటే తర్వాతి వంతు తమదే.

భార్యతో కూడా ఒకటి రెండు సార్లు చెప్పబోయాడు. ఆమెని వీధి వీధంతా ఎక్స్‌రే పిన్ని అంటారు. ఆమె సగంలోనే ఆపేసింది.

"పొద్దుటినుంచీ నలుపు తెలుపే చూసొస్తున్నానండీ. ఇంటికొచ్చి కూడా అదేనా?"

ఆ ఆసుపత్రిలో నూట నలభై కిటికీలకి బ్లైండ్లు బిగించింది పట్టీల బాబాయే. ఎక్స్‌రే గదికి మాత్రం బిగించలేదు, దానికి కిటికీలు లేవు. అంచేత ఇరవై రెండేళ్ళలో భార్య పనిచేసే గదిలో కాలు పెట్టే అవసరం అతనికి రాలేదు.

షట్టర్ మీద కాగితం అంటించి అతను నేరుగా సంఘం గదికి వెళ్ళాడు. ఆదివారం నాడు సంతాప సభ పెట్టాలని టైపిస్టు అప్పటికే నిర్ణయించేశాడు. ముఖ్య వక్త వేరే ఎవరవుతారు? పట్టీల బాబాయ్ ఫోను కట్టేసి, తలుపు గడియ వేసుకుని, ఏకబిగిన పద్దెనిమిది పేజీల ఉపన్యాసం రాశాడు. ఒంటి గంటకి ఆకలేసి ఇంటికి బయల్దేరాడు.

గుమ్మం ముందు ఇరవై జతల చెప్పులున్నాయి. పై వాటా వాళ్ళు తమ దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి కుర్చీలు వేశారు. వీధిలోని వాళ్ళంతా ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. ఒకరిద్దరు ఏడుస్తున్నారు. పట్టీల బాబాయ్ గుమ్మంలోనే నిలబడి అందరికీ చేతులు జోడించాడు. ఇన్నేళ్ళూ ఈ వీధిలో ఆవిడ విలువ తెలిసినవాణ్ణి తనొక్కణ్ణేనని అనుకున్నాడు. ఎంత పొరపాటు!

"ఎలా జరిగింది బాబాయ్?" టీ కొట్టాయన చేతులు పట్టుకున్నాడు.

"నిద్రలోనే. హాయిగా పోయారు."

"బాధేమీ పడలేదు కదా?"

"లేదట. కుక్కలు రెండూ మంచం పక్కనే పడుకుని ఉన్నాయట."

ఈ ఇంట్లో కుక్కలు ఎప్పుడూ లేవు. జనం ముఖముఖాలు చూసుకున్నారు. దుఃఖంలో ఉన్న మనిషి ఏదో అంటాడులే అని సరిపెట్టుకున్నారు.

"మీరు పక్కన లేరా?" అని అడిగింది బేకరీ ఆవిడ, ఒళ్ళో పూలగుత్తి సర్దుకుంటూ.

"నేనెక్కడ ఉంటానమ్మా! అంత దూరం."

"అయ్యో. వయసు కూడా ఏమంత అని."

"తొంభై నాలుగు."

బేకరీ ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్క వేయబోయింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి మాట వినిపించింది.

"ఈ చెప్పులు కాస్త పక్కకి జరపండమ్మా. దారి లేదు."

ఎక్స్‌రే పిన్ని క్యారేజీ సంచీ భుజానికి తగిలించుకుని లోపలికి వచ్చింది. పై వాటా ఆవిడ కెవ్వుమంది. టీ కొట్టాయన కుర్చీలోంచి లేవబోయి కుర్చీతో సహా లేచాడు. పిన్ని ముఖంలో మాత్రం ఆశ్చర్యం లేదు. పన్నెండింటికే ఒక నర్సు ఏడుస్తూ ఎక్స్‌రే గదిలోకి పరిగెత్తుకొచ్చి ఆమెనే కౌగిలించుకుందట. "ఏడవకు, ఎవరు పోయారు?" అని అడిగితే, నర్సు తలెత్తి చూసి, "మీరే" అందట. అప్పటికే డ్యూటీల పట్టికలో సోమవారం నుంచి ఆమె పేరు కొట్టేశారు.

"నేను ఆసుపత్రిలో పనిచేస్తాను," అంది పిన్ని అందరి వంకా చూసి. "పోయినవాళ్ళని చాలామందిని చూశాను. ఇలా ఉండరు. అందరూ మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

అందరూ తాగి వెళ్ళారు. తేరుకున్నాక కొందరి ముఖాల్లో కాస్త ఆశాభంగం కూడా కనిపించింది. బేకరీ ఆవిడ పూలగుత్తి వెనక్కి తీసుకెళ్ళాలో వద్దో తేల్చుకోలేక బల్ల మీదే పెట్టేసింది. మూడు గంటలకి పక్క ఊరి నుంచి పిన్ని తమ్ముడు బస్సు దిగి పరిగెత్తుకొచ్చాడు. గ్లాసులు కడుగుతున్న అక్కని చూసి నిలువునా కూలబడి ఏడ్చాడు. ఏడుపయ్యాక అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"బావగారూ, పెద్దవారు కాబట్టి ఊరుకుంటున్నాను," అని ఆరుసార్లు అని, నిజంగానే ఊరుకుని, ఆఖరి బస్సు దొరకదని వెళ్ళిపోయాడు.

ఇల్లు ఖాళీ అయ్యాక పిన్ని చేతులు తుడుచుకుని భర్తకి ఎదురుగా కూర్చుంది. అరిచే మనిషి కాదు. అతనికి అదే భయం.

"ఏమని రాశారండీ కాగితం మీద?"

"మా ఆవిడ పోయారు అని. సంఘంలో అలాగే అంటాం కదా, అలవాటులో..."

"పోయారు అనే రాశారా? పోయింది అని కాదూ?"

"పోయారనే. పెద్దావిడ కదా."

"అదే అంటున్నాను. ఈ జనానికి తెలివి లేదు. 'పోయారు' అని చూసినప్పుడే నేను కాదని తెలిసిపోవాలి. నేను పోతే మీరు 'పోయింది' అని రాస్తారు."

పట్టీల బాబాయ్ బల్ల మీది పూలగుత్తిని సరిగ్గా మధ్యకి జరిపాడు.

"అసలు కాగితం పెడతారా? షాపు మూస్తారా?"

"ఎందుకు మూయను!"

"నాకు కడుపు కోసిన రోజున మూయలేదు."

"ఆ రోజు బ్యాంకు వాళ్ళ పన్నెండు కిటికీలూ..."

"తెలుసు. సాయంత్రం ఆరింటికి వచ్చారు, పళ్ళు తెచ్చారు. నేను దెప్పడం లేదు. ఒకటడుగుతాను చెప్పండి. అబద్ధం చెప్పే ముందు ఆవిడకి ఏ కనుబొమ్మ పైకి లేస్తుంది?"

"ఎడమ," అన్నాడు వెంటనే. ఇది అతనికి ప్రాణం లాంటి విషయం.

"నా ముఖం మీద మచ్చ ఏ పక్కనుంది?"

అతను తలెత్తేలోపే ఆమె గోడ వైపు తిరిగిపోయింది. "చూడకుండా చెప్పాలి."

ఇరవై ఆరేళ్ళ కాపురం. పట్టీల బాబాయ్ కళ్ళు మూసుకుని వెతికాడు. ఆమె గొంతు వినిపిస్తోంది, ఆమె నడక తెలుస్తోంది, ముఖం దగ్గరికి వచ్చేసరికి లైటు పోయినట్టయిపోతోంది. "కుడి," అన్నాడు చివరికి. ఆమె సంచీలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి బల్ల మీద, పూలగుత్తి పక్కన పెట్టింది.

అది ఆసుపత్రి వాళ్ళ ఫారం. నాలుగు గంటల ప్రయాణం దూరంలో కొత్త ఆసుపత్రి కడుతున్నారు. అక్కడి ఎక్స్‌రే విభాగానికి ఆమెనే ఇన్‌ఛార్జిగా వేస్తామన్నారు. కింద రెండు గడులు, ఒకటి సమ్మతం, ఒకటి అసమ్మతం. సోమవారం పది గంటలకల్లా ఒక గడిలో టిక్కు పెట్టి ఇవ్వాలి. రెండు గడులూ ఖాళీగా ఉన్నాయి.

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మూడుసార్లు చెప్పాను. మూడోసారి మీరు 'వాన ఇంకా ఆగలేదు' అన్నారు. బయట ఎండ కాస్తోంది. టీవీలో వాన."

"ఏ గడిలో పెడతావు?"

"మీ షాపు ఇక్కడుందని ఇన్నాళ్ళూ వద్దనే అనుకున్నాను. ఇవాళ మనసు మారుతోంది. ఈ ఊళ్ళో నేను ఎలాగూ పోయాను. అక్కడైతే ఇంకా ఎవరికీ తెలియదు."

అంత మామూలుగా అంది. వెళ్ళి మంచం ఎక్కి దుప్పటి కప్పుకుంది. తెర మీది ఆడమనుషులు వదిలేసి వెళ్ళిపోతే మగవాళ్ళు వానలో నిలబడి సిగరెట్టు వెలిగిస్తారు. అతనికి సిగరెట్టు పడదు, దగ్గొస్తుంది.

ఆదివారం పొద్దున అతను ఉపన్యాసం కాగితాలు జేబులో పెట్టుకుంటుంటే పిన్ని చీర మార్చుకుని సిద్ధంగా నిలబడి ఉంది.

"నువ్వూ వస్తావా?" అన్నాడు ఆశగా.

"నా సంతాప సభకి నేను రాకపోతే బాగుండదు."

ఆ మాట ఎందుకందో డ్రైవింగ్ స్కూలు దగ్గరికి వెళ్ళాక తెలిసింది. టైపిస్టు శనివారమే అక్కడ పెద్ద ప్రకటన అంటించాడు. "పట్టీల బాబాయ్ గారి ఆవిడ సంతాప సభ. అందరూ ఆహ్వానితులే." పదకొండు మంది పట్టే గదిలో అరవై మంది ఉన్నారు. చావు కబురు అందినంత వేగంగా, కాదన్న కబురు అందదు కదా. నర్సులు వచ్చారు. బ్యాంకు వాళ్ళు వచ్చారు. మోచేతికి కట్టుతో లారీ డ్రైవరు కూడా వచ్చాడు. మొదటి వరసలో కూర్చున్న పిన్నిని చూసి అతను గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"నాకు ఫోటో తీసింది ఎవరో తెలియక నిన్నటినుంచీ జ్వరమండీ," అన్నాడు.

తెర మీద ఆవిడ బొమ్మ వేశారు. పళ్ళ డాక్టరు లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ గురించి ఎంత చెప్పినా తక్కువే. తొమ్మిది సినిమాల్లో ఏడుగురు మగవాళ్ళని పొట్టన పెట్టుకున్నారు. ఇద్దరు కట్టుకున్నవాళ్ళే. అయినా ఇన్నేళ్ళలో మనలో ఒక్కరం కూడా ఆవిడని తప్పు పట్టలేకపోయాం," అన్నాడు గద్గదంగా. సినిమాల సంగతి తెలియని వెనక వరసల వాళ్ళు పిన్ని వంక మెడలు సాచి చూశారు.

పట్టీల బాబాయ్ మైకు ముందుకి వచ్చాడు. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాడు.

"ఆవిడ గదిలోకి వస్తే ముందు మనిషిని చూడరు. ముందు తలుపు చూస్తారు, తర్వాత కిటికీ..."

మొదటి పేజీ మధ్యకి వచ్చేసరికి ఎదుట ఏదో కదిలింది. పిన్ని కిటికీ వంక చూస్తోంది. ఆ గదిలో బ్లైండ్లన్నీ పట్టీల బాబాయ్ బిగించినవే. తూర్పు కిటికీది మాత్రం ఆరు నెలలుగా సరిగ్గా మూసుకోవడం లేదు. సందులోంచి ఎండ వచ్చి తెర మీది ఆవిడ చెవి మీద పడుతోంది. ఒకప్పుడు చీకటి గదిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగిన మనిషి పిన్ని. వెలుతురు ఎక్కడినుంచి దూరుతోందో చూసి దాని సంగతి తేల్చందే కుదురుగా కూర్చోలేదు. లేచింది. ముందు తలుపు వంక చూసింది, వేసే ఉందా అని. కిటికీ దగ్గరికి నడిచింది. ఒంటి చేత్తో తాడు లాగింది.

బ్లైండు మూసుకోలేదు. పట్టీలన్నీ టపటపా తెరుచుకున్నాయి. పదిన్నర ఎండ ఆమె ముఖం నిండా గీతలు గీతలుగా పడింది.

పట్టీల బాబాయ్ చదవడం ఆపేశాడు. సూర్యుడు పైనున్నాడు, పట్టీలు లోపలికి వాలి ఉన్నాయి, గీతలు ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. లెక్కలో తప్పు లేదు. ఒక గీత ఆమె ఎడమ కనుబొమ్మ మీద పడింది. కనుబొమ్మ కింద అంగుళం పొడవున తెల్లటి మచ్చ. పెళ్ళైన కొత్తలో, అతను ఇంట్లో మొట్టమొదట బిగించిన బ్లైండు ఊడి ఆమె మీద పడింది. అల్యూమినియం పట్టీ కోసుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తున్నంతసేపూ ఆమె అతని చెయ్యి పట్టుకుని, "పని నేర్చుకుంటున్నారుగా, పోనీలెండి" అంది. ఇదంతా అతనికి తెలిసిన విషయమే. ఇరవై ఆరేళ్ళుగా ఎదురుగానే ఉంది.

"తాడు తిరగేసి కట్టారు," అంది పిన్ని కిటికీ దగ్గరినుంచి, గది నిండా వినబడేట్టు.

అతను మాట్లాడదామని నోరు తెరిచాడు. కాగితాలు జారి కింద పడ్డాయి. టైపిస్టు మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తాడు. పళ్ళ డాక్టరు లేచి నిలబడ్డాడు. పిన్ని మాత్రం ఉన్నచోటే నిలబడి, రోజుకి వందమందితో అనే మాటే, అదే గొంతుతో అంది.

"ఊపిరి పీల్చండి."

అతను పీల్చాడు. గదిలో సగం మంది ఆమె చేత ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ళే. వాళ్ళూ పీల్చారు.

"ఆపండి."

ముప్ఫై మంది ఆపారు.

"వదలండి."

"మా ఆవిడ," అన్నాడు పట్టీల బాబాయ్ మైకులో. మళ్ళీ ఆగాడు. "మా ఆవిడ ఉన్నారు."

పిన్ని వైపు తిరిగాడు.

"ఎడమ పక్కనండీ మచ్చ. కుడి కాదు. నిన్న తప్పు చెప్పాను. మన్నించాలి."

అంతే చెప్పి దిగిపోయాడు. ఏడుస్తున్నానని అతనికి తెలుస్తోంది, దాచుకోవాలని అనిపించలేదు. చప్పట్లు కొట్టాలో నిలబడాలో జనానికి అర్థం కాక కొందరు అదీ, కొందరు ఇదీ చేశారు. టైపిస్టు మినిట్స్ పుస్తకంలో "ముఖ్య వక్త క్లుప్తంగా ప్రసంగించారు" అని రాసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బేకరీ దాటాక అతనే అన్నాడు.

"ఆ కొత్త ఆసుపత్రిలో ఎక్స్‌రే గదికి కిటికీ ఉంటుందా?"

"ఏ ఊళ్ళోనూ ఉండదండీ."

"అయితే ఊరికే చూడ్డానికి వస్తాను. వెళ్దాం."

పిన్ని ఆగి అతని వంక చూసింది. "వెళ్ళు అంటున్నారా, వెళ్దాం అంటున్నారా?"

"వెళ్దాం. కిటికీలు లేని ఊరుండదు. షాపు అక్కడ పెట్టుకుంటాను. నేను ముందే అనాల్సింది... మీరు మూడుసార్లు చెప్పారు."

"ఆ 'మీరు' ఇంట్లో వద్దు," అంది పిన్ని నడుస్తూ. "చుట్టపుచూపుగా వచ్చినట్టుంది. బయటవాళ్ళ ముందు అంటే చాలు."

సోమవారం ఎనిమిదిన్నరకి ఆమె ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఇద్దరూ షాపు దగ్గర ఆగారు. ఫారం ఆమె సంచీలో ఉంది, టిక్కు సమ్మతం గడిలో ఉంది. పట్టీల బాబాయ్ పాత కాగితం పీకేసి, కొత్తది అంటించి, లెవెల్ చూసుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు. "మా ఆవిడ ఉన్నారు. ఈ ఊరు వదిలి వెళ్ళిపోతున్నారు. నేనూ ఆవిడ వెంటే వెళ్ళిపోతున్నాను. ఇన్నాళ్ళ మీ ఆదరణకి కృతజ్ఞతలు."

టీ కొట్టాయన రోడ్డు దాటి వచ్చి చదివాడు. ముఖం పాలిపోయింది. "బాబాయ్, తొందరపడి ఏ అఘాయిత్యమూ చేసుకోకు," అన్నాడు.

పిన్ని కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది.

"ఇది ఇలాగే వదిలేస్తే మధ్యాహ్నానికల్లా మా తమ్ముడు మళ్ళీ బస్సెక్కుతాడు," అంది. భర్త జేబులోంచి మార్కరు లాక్కుని, "వెళ్ళిపోతున్నాను" పక్కన ఉన్న ఖాళీలో ఇంకో మాట చేర్చింది. "బస్సులో."

ఆమె రాసిన మాట పైకి ఎక్కినట్టు కొంచెం వంకరగా వచ్చింది. పట్టీల బాబాయ్ తల పక్కకి వంచి చూశాడు. లెవెల్ జేబులోనే ఉంది. తీయలేదు.